సోమక్కను అడగడానికొచ్చిన పిల్ల

రాష్ట్రం సరిహద్దున అడవిలో ఉన్న గొల్లపల్లిలో సోమక్క చేత జవాబు చెప్పించుకున్నవాళ్లు తక్కువ. అరవై దాటిన మనిషి. తెలుగు, దోర్లీ, గోండీ, హిందీ నాలుగూ వచ్చు. కొత్తవాళ్లు ఏ భాషలో అడిగితే ఆ ఒక్కటే రానట్టు ముఖం పెడుతుంది.

ఆ అలవాటు ఊరికే రాలేదు. గొడవల కాలంలో యూనిఫారం వాళ్లు వచ్చి అడవిలోని అన్నల గురించి అడిగితే ఆమె పెనిమిటి ముసలయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు. వాళ్లకేం చెప్పావని అడగడానికి అడవిలోంచి ఆ అన్నలే వచ్చారు. దాంతో మొగుడూ పెళ్లాలు ఊరు విడిచి సరిహద్దు దాటారు. భద్రాచలం వైపు మిరప తోటల్లో ఏళ్ల తరబడి కాయలేరారు. ముసలయ్య అక్కడే జ్వరమొచ్చి పోయాడు. సోమక్క ఒక్కతే తిరిగొచ్చి, పొలంలో పెరిగిన తుప్పలు కొట్టి మళ్లీ వరి వేసింది.

మొన్న ఎండాకాలం అంగన్‌వాడీ నాగలక్ష్మి గీదం పట్నం నుంచి వచ్చిన పూనం అనే పిల్లను వెంటబెట్టుకొచ్చింది. మనుషుల బతుకులు వాళ్ల నోటితోనే చెప్పించి పాడ్‌కాస్ట్ చేస్తుందట. అంటే ఫోనులో వినే ముచ్చట్లని నాగలక్ష్మి వివరించింది. చింతపండు గింజలు తీస్తున్న సోమక్క ఆ పిల్ల చేతిలోని మైకు వైపు ఓరగా చూసింది.

"ఇది ఎవరెవరు వింటరు?"

"ఎవరైనా వినొచ్చు పెద్దమ్మా. అది నా చేతిలో లేదు," అంది పూనం వచ్చీరాని తెలుగులో.

ఇంతవరకు అడగడానికొచ్చినవాళ్లందరూ భయం లేదనే చెప్పారు. ఈ పిల్ల అలా అనకపోవడం సోమక్కకు వింతగా తోచింది.

"ముందు నీ సంగతి చెప్పు. మీ అయ్య ఏం జేస్తడు?"

పూనం మైకు పక్కన పెట్టింది. తండ్రి పోలీసని, గొడవల కాలంలో ఈ వైపే డ్యూటీ చేశాడని చెప్పింది. నాగలక్ష్మి ముఖం పాలిపోయింది. ఆ సంగతి ఆమెకూ తెలియదు.

"ఆ రోజుల గురించి ఇంట్లో ఒక్క మాట చెప్పడు. అందుకే ఊళ్లు తిరిగి అడుగుతున్నా," అంది పూనం.

సోమక్క ఒళ్లోని గింజలు చేటలోకి దులిపింది. తర్వాత మైకు పెట్టమంది. ఊరు విడిచేప్పుడు గుడ్లు పొదుగుతున్న కోడిని వదిలిపోయిన సంగతి చెప్పింది. మిరపకాయల ఘాటుకు చేతులు మండి నిద్రపట్టని సంగతి చెప్పింది. ఎవరి పేరైనా చెప్పాల్సొస్తే మైకును అరచేత్తో మూసింది. అయ్యాక అంతా మళ్లీ పెట్టించుకుని విని, ముసలయ్య గురించిన మాటొకటి తీసేయించింది.

వానలు పడ్డాక ఆ ముచ్చట నాగలక్ష్మి ఫోనులోకి వచ్చింది. ఎక్కడా సోమక్క పేరు లేదు. అయినా కోసి అనే పక్కింటావిడ ఆ గొంతు విని ఇట్టే పోల్చుకుంది. ఆ తర్వాత కొన్నాళ్లు మోటారుసైకిలు చప్పుడైతే చాలు, సోమక్క దడి చాటుకు వెళ్లి చూసేది. ఎవరూ రాలేదు. చివరికి పూనమే వచ్చింది.

"మీ అయ్య విన్నడా?"

"విన్నాడు. మళ్లీ ఒకసారి పెట్టమన్నాడు."

"మళ్లెందుకు?"

తనకూ తెలియదంది పూనం. సోమక్క ఆ పిల్ల ముఖంలోకి పరీక్షగా చూసింది. వాళ్లయ్య మనసు కరిగి విన్నాడో, ఏమైనా ఆరా పట్టుకుందామని విన్నాడో ఎంత ఆలోచించినా తేలలేదు. చివరికి చాప పరిచి కూర్చోమంది, జావ పోసిచ్చింది. సంచిలోంచి మైకు మాత్రం తీయనివ్వలేదు.