ఎర్రటోపీకి ఒక సైగ

రేవులో అందరూ అతన్ని పైవాడు అనేవారు. క్రేను నడిపే మనిషికి ఆ పేరు పెట్టింది సొంత బామ్మర్దే. "పైవాడు ఇంకా దిగలేదా?" "పైవాడికి టీ పంపండ్రా, లేకపోతే మన నెత్తిన బేళ్ళు పడేస్తాడు." ఇలా రోజూ ఏదో ఒకటి. అతను నవ్వేవాడూ కాదు, కోప్పడేవాడూ కాదు. ఇనుప నిచ్చెన ఎక్కి, గాజుపెట్టెలాంటి క్యాబిన్‌లో కూర్చుని, పొద్దుగూకేదాకా ఓడల పొట్టల్లోంచి సరుకు తోడి గట్టున పెట్టేవాడు.

అంత ఎత్తులో కూర్చున్నవాడికి ఓడ అడుగున ఏం జరుగుతోందో కనబడదు. డెక్కు అంచున నిలబడి లోపలికి తొంగిచూసే ఓడ మనిషి చేతులే అతనికి కళ్ళు. చూపుడువేలు పైకెత్తి గిరగిరా తిప్పితే లేపమని. అరచెయ్యి నేలవైపు పెట్టి ఊపితే దించమని. రెండు చేతులూ బారచాపితే ఆగమని. ఇంజన్ల రొద, అలల హోరు, గాలి. వీటి మధ్య గొంతు చించుకున్నా ఎవరికీ వినబడదు. ఆ అలవాటు ఇంటికీ వచ్చేసింది. కంచం ముందు కూర్చుని "చాలు" అనడానికి రెండు చేతులూ బారచాపేవాడు. గోదాములో చిరిగిన గోనెసంచులు కుట్టే భార్య విసుక్కునేది: "నేనేమన్నా క్రేనునా? నోరుంది కదా, తెరవండి."

ఆ చేతులవాళ్ళలో ఒకణ్ణి మాత్రం అతను ఎంత దూరం నుంచైనా పోల్చేవాడు.

నల్లవాళ్ళకు ఓటు లేని దేశం అది. తెల్లవాళ్ళ వీధిలో నడవాలంటే నల్లవాడు పోలీసుకు చీటీ చూపించాలి. అక్కడి నుంచి అప్పుడప్పుడూ ఉన్ని బేళ్ళతో ఒక ఓడ వచ్చేది. అందులో హుకుం చేసేవాళ్ళు తెల్లవాళ్ళు, చాకిరీ చేసేవాళ్ళు నల్లవాళ్ళు. నల్లవాళ్ళను గట్టు మీదికి దిగనిచ్చేవారు కాదు. వాళ్ళలో ఒకడు ఎర్ర ఉన్నిటోపీ పెట్టుకుని డెక్కు మీద సైగలు చేసేవాడు. పై నుంచి కనబడేవి ఆ టోపీ, ఆ చేతులు, అంతే. తొందరపడని చేతులు. ఒక్క బేలునూ అంచుకు తగలనిచ్చేవాడు కాదు. ఆఖరి బేలు గట్టుకు చేరాక టోపీ మీద రెండుసార్లు తట్టుకునేవాడు. అయిపోయింది, ఇక పోయి తిను అన్నట్టు. అది ఎవరూ నేర్పిన సైగ కాదు. జవాబుగా పైవాడు హారన్ రెండుసార్లు మోగించేవాడు. ఏళ్ళ తరబడి వాళ్ళ స్నేహమంతా అదే.

ఒక ఉదయం రేడియోలో వార్త వచ్చింది. ఆ దేశంలో తెల్లవాళ్ళ పార్కు కుళాయి దగ్గర నీళ్ళు తాగాడని ఒక నల్ల ముసలాయన్ని కొట్టి చంపారు. ఇదేం న్యాయమని అడగడానికి వెళ్ళినవాళ్ళ మీద పోలీసులు తుపాకులు పేల్చారు. ఉన్ని ఓడ అప్పటికే దారిలో ఉంది. దాని సరుకు ముట్టుకోవాలా వద్దా అని గోదాములో యూనియన్ మీటింగు పెట్టారు.

బామ్మర్ది ఊరుకోలేదు. అతని పని ఓడ పొట్టలోకి దిగి బేళ్ళకు కొక్కెం తగిలించడం. "మన జీతాల గొడవే ఇంకా తెమల్లేదు. ఎక్కడో సముద్రం అవతలివాళ్ళ కోసం మనం పస్తులుండాలా? ఇదేం చోద్యం?" అన్నాడు. కొందరు నవ్వారు. కొందరు తలలూపారు.

ఎప్పుడూ నోరు విప్పని పైవాడు లేచాడు.

"సముద్రం అవతల కాదురా. నీ నెత్తి పక్కనే ఉన్నాడు. బేలు ఊగినప్పుడల్లా చేతులు బారచాపి నన్ను ఆపింది ఎవరనుకున్నావు? పై నుంచి నాకు నువ్వు కనబడతావా? ఇన్నేళ్ళు నీ తల నీ భుజాల మీద ఉందంటే, అది ఆ ఎర్రటోపీ పుణ్యం."

బామ్మర్ది తల తడుముకున్నాడు. "అది ముందే చెప్పొచ్చుగా బావా!" అన్నాడు. ఒక్కసారి అందరూ గొల్లుమన్నారు. ఆ నవ్వుల్లోనే చేతులన్నీ లేచాయి.

ఓడ వచ్చింది. గట్టుకు కట్టడం వరకు రేవు అధికారులే కానిచ్చారు. కూలీలు మాత్రం గట్టుకు అడ్డంగా కట్టిన గొలుసు ఇవతల నిలబడ్డారు, అవతల కాపలావాళ్ళు. ఓడలో పనిచేసేవాళ్ళకు ఎవరూ ఏమీ చెప్పలేదు. వాళ్ళు ఎప్పటిలాగే మూతలు తెరిచారు. ఎర్రటోపీ తన చోట నిలబడి, ఖాళీ క్యాబిన్ వైపు చూస్తూ వేలు తిప్పాడు. మళ్ళీ తిప్పాడు.

పైవాడు మొదటిసారి అతని ముఖం చూశాడు. అనుకున్నదానికంటే పెద్దవాడు. గడ్డం నెరిసింది. ఎవరూ లేని క్రేను వైపు అతనలా చూస్తుంటే పైవాడికి మనసాగలేదు. ఇదంతా నీ కోసమే అని చెప్పాలి. లేపు, దించు, ఆగు. ఈ మూడు సైగల్లో ఆ మాట ఎక్కడ పడుతుంది? గొలుసు దాకా వెళ్ళి రెండు చేతులూ బారచాపాడు. ఎర్రటోపీ కిందికి చూశాడు. అప్పుడు పైవాడు తన ఉత్త తల మీద రెండుసార్లు తట్టుకున్నాడు.

ఎర్రటోపీ గట్టు మీద గుంపునూ జెండాలనూ కలయజూశాడు. తర్వాత తన మనుషుల వైపు తిరిగి, మెల్లగా, రెండు చేతులూ బారచాపాడు. వాళ్ళు చేతుల్లోని మోకులు వదిలేసి డెక్కు మీద కూర్చున్నారు.

గట్టు దద్దరిల్లింది. ఈలలు, చప్పట్లు. గుంపంతా ఎర్రటోపీ వైపు చేతులు చాచి, తలల మీద రెండేసిసార్లు తట్టుకుంది. బామ్మర్దయితే ఎగిరెగిరి తట్టుకున్నాడు. రేవులో పుట్టి పెరిగినవాళ్ళు, చేతులతోనే మాట్లాడేవాళ్ళు. ఆ సంతోషంలో ఎవరికీ తట్టలేదు, ఓడ పై అంతస్తులో కెప్టెన్ నిలబడి ఉన్నాడని. ఓడలో పని ఆపించింది ఎవరో ఆయన వెతుక్కోనక్కర్లేకుండా వేలుపెట్టి చూపించినట్టయింది.

మర్నాడు డెక్కు మీద ఎర్రటోపీ లేడు.

ఓడవాళ్ళకు తాగేనీళ్ళు చేర్చే పడవను మాత్రం యూనియన్ ఆపలేదు. ఆ నీళ్ళ పడవవాడికి అన్ని భాషల్లోనూ నాలుగు ముక్కలు తెలుసు, అందులో మూడు బూతులు. కబురు అతనే తెచ్చాడు. "కింద గదిలో వేసి తాళం పెట్టారు. వాళ్ళ దేశం చేరగానే పోలీసులకు అప్పజెబుతారట. అక్కడ అప్పజెప్పడమంటే ఏంటో మీకు తెలుసుగా."

సాయంత్రానికి రేవు మేనేజరు ఇంకో మాట మోసుకొచ్చాడు. సరుకు దించితే కెప్టెన్ ఆ సంగతి మరిచిపోతాడట.

ఆ పూట పైవాడు కంచం ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. భార్య వడ్డిస్తూనే ఉంది. చాలనే సైగ రాలేదు.

"ఆయనకీ ఓ ఇల్లాలు ఉంటుంది కదండీ," అంది.

"నేను చెయ్యెత్తాను. ఆయన పోతున్నాడు."

"మీరు మంచికే ఎత్తారు."

"ఏ మంచికి?" అన్నాడు. ఆవిడ గరిటె కింద పెట్టేసింది.

తెల్లారగానే యూనియన్ సెక్రటరీ దగ్గరికి వెళ్ళాడు. సెక్రటరీ రేవులో తూకం గుమాస్తా, ముక్కుసూటి మనిషి.

"దించేద్దాం సెక్రటరీ గారూ."

"ఎవరి మాట నమ్మి? కుళాయి దగ్గర ముసలాయన్ని చంపినవాళ్ళ మాటా?"

"నమ్మకపోతే ఆయన ప్రాణం పోతుంది."

"నమ్మితే పోదని ఎవరు హామీ? సరుకూ దించి, ఆయన్నీ అప్పజెబితే? రేపు ఏ ఓడవాడైనా ఒక నల్లవాణ్ణి గదిలో వేసి, 'దించుతారా, చంపమంటారా' అంటాడు. అప్పుడు?"

పైవాడు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "అయితే ఆయన్నే అడుగుదాం. ఆయన ఏదంటే అది."

అది న్యాయంగానే తోచింది. నీళ్ళ పడవవాడు ఓడ పక్కకు చేరి, కింద గది కిటికీ దగ్గర తనకొచ్చిన ముక్కలన్నీ కలిపి అరిచాడు. పై నుంచి బకెట్లతో మురికినీళ్ళు కుమ్మరించారు. తడిసి ముద్దై వచ్చి, "లోపల్నుంచి ఎవరో గోడ కొట్టారు. అది అవునో కాదో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు.

ఒక్కడే పోయి దించేద్దామన్నా కుదరదు. లోపల కొక్కెం తగిలించేవాడు కావాలి, డెక్కు మీద చెయ్యెత్తేవాడు కావాలి. ఆ చెయ్యెత్తేవాడే తాళం వెనక ఉన్నాడు. అయినా పైవాడు నిచ్చెనెక్కాడు. కింద గుంపులో కలకలం రేగింది. "బావా, వద్దు! దిగు!" అని బామ్మర్ది అరిచాడు. అతను మీటలు ముట్టలేదు. క్యాబిన్‌లో కూర్చుని ఓడకేసి చూస్తూ ఉండిపోయాడు, డెక్కు మీద ఎక్కడైనా ఎర్రగా కనబడుతుందేమోనని.

అతను చూస్తుండగానే మోకులు విప్పారు. ఒక్క బేలు కూడా దిగకుండా ఓడ వెనక్కి తిరిగింది. గట్టు మీద జైకొట్టారు. కూలీల ఘనవిజయమని పత్రికలు రాశాయి. రాయాల్సిందే. కడుపు మాడ్చుకుని ఒక దేశం సరుకును తిప్పికొట్టారు, అది చిన్న విషయం కాదు. కానీ ఆ విజయం ఆ ఓడ కింద గదిలోనే తాళం వెనక ఉండిపోయింది.

ఆ మనిషిని వదిలిపెట్టమని టెలిగ్రాం ఇద్దామన్నాడు సెక్రటరీ. కలం తీసి, "పేరేంటి?" అన్నాడు.

అందరూ నీళ్ళ పడవవాడి వైపు చూశారు. "నాకేం తెలుసు? కెప్టెన్ ఈల వేసి పిలిచేవాడు," అన్నాడతను.

"ఎర్రటోపీ అని రాయండి," అన్నాడు బామ్మర్ది.

"ఎర్రటోపీని వదలమంటే టోపీని వదులుతార్రా," అన్నాడు సెక్రటరీ.

బామ్మర్ది పైవాడి పక్కన చతికిలబడ్డాడు. "ఇన్నేళ్ళలో ఒక్కసారి అడిగుంటే మన సొమ్మేం పోయేది బావా?"

ఒక నావికుణ్ణి అని రాసి పంపారు. జవాబు రాలేదు.

ఆ తర్వాత బామ్మర్ది అతన్ని పైవాడు అనడం మానేశాడు.

ఉన్ని ఓడ మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు. డెక్కు అంచున కొత్త మనిషి నిలబడ్డాడు, తలకు ఏమీ లేదు. క్రేను నడిపే మనిషి గొలుసు దాకా వెళ్ళాడు. ఈసారి గుంపును దూరంగా ఉండమన్నాడు. కెప్టెన్ ఎక్కడా లేడని చూసుకుని, తన తల మీద రెండుసార్లు తట్టుకున్నాడు. ఆయన ఏమయ్యాడు అని.

కొత్త మనిషి అతన్ని చూశాడు. రెండు చేతులూ గబుక్కున జేబుల్లో పెట్టేసుకున్నాడు.