గుండు మిషన్ కుడి రెక్క

దసరా తొమ్మిది రోజులుందనగా సూర్యాపేట నుంచి వదిన ఫోన్ చేసింది. ఆమె టిఫిన్ హోటల్ నడిపే బిల్డింగును ఓనరు పడగొట్టి కాంప్లెక్స్ కడతాడట. పక్క సందులో ఇంకో గది కిరాయికి దొరికింది కానీ అది ఇప్పుడున్నదాంట్లో సగమే. పొయ్యి పడుతుంది, నాలుగు బల్లలు పడతాయి. మా అన్న గుండు మిషన్ పట్టాలంటే ఒక బల్ల తీసెయ్యాలి. ఈలోగా హైదరాబాదులో కాఫీ షాపు పెడుతున్న ఒకాయన ఎవరి ద్వారానో విని, ఆడినా ఆడకపోయినా సరే, షాపులో అలంకారానికి కొనుక్కుంటానని కబురు పెట్టాడట. పండగ వెళ్లిన ఆదివారం వస్తాడు.

"నువ్వొచ్చి ఒకపారి ఇప్పి సూడు. బాగైతదంటే బల్ల తీసేసైనా పెట్టుకుంట. కాదంటే ఇచ్చేస్త. నీ మాట మీదనే ఉన్న" అంది.

నాది కోదాడలో మోటార్ వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటార్లకు రాగి తీగ చుట్టడం ముప్పై ఏళ్లుగా నా పని. ఏ మోటారైనా విప్పి చూసి, ఇది లేస్తుంది, ఇది లేవదు అని నేనంటే రైతు మారు మాట్లాడడు. వదినకు వస్తానని చెప్పాను గానీ, ఫోన్ పెట్టేశాక చేతిలో పని ముందుకు సాగలేదు. ఆ మిషన్ విషయంలో నేను అన్నకు మాటిచ్చి తప్పినవాణ్ణి.

గుండు మిషన్ అంటే ఏమిటో ఇప్పటివాళ్లకు చెప్పాలి. మంచమంత పొడుగు పెట్టె, నాలుగు ఇనుప కాళ్లు, మీద అద్దం. అద్దం కింద వాలుగా ఒక పలక, దాని నిండా దీపాలు, రబ్బరు కట్టిన గుంజలు. స్ప్రింగు లాగి వదిలితే ఇనుప గుండు పైదాకా ఎగిరి, వాటికీ వీటికీ కొట్టుకుంటూ కిందికి జారుతుంది. కింద రెండు రెక్కలుంటాయి. పక్కనున్న బటన్లు నొక్కితే రెక్కలు లేచి గుండును మళ్లీ పైకి తంతాయి. రెండింటి నడుమ నుంచి జారిపోయిందా, ఆట ఖతం. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆయన తన పిల్లల కోసం ఎప్పుడో బొంబాయి నుంచి తెప్పించి, వాళ్లు పెద్దయ్యాక గోదాములో వడ్ల బస్తాల వెనక పడేస్తే, మా అన్న బతిమాలి తెచ్చుకున్నాడు. పాత సామాను అంటే పడిచచ్చే మనిషి. దోసెలు పోసుకునేవాడికి ఈ పెంట ఎందుకని వదిన వారం రోజులు మాట్లాడలేదు.

తీరా చూస్తే ఆ మిషన్ వల్లే హోటల్ పదిమందికి తెలిసింది. తిరుమలగిరి బస్సు కోసం చూసే పత్తి రైతులు, వాడపల్లి సిమెంటు లారీల డ్రైవర్లు ఇడ్లీ తినేసి ఒక ఆట ఆడి వెళ్లేవాళ్లు. దసరా వస్తే వదినే దానికి సేవ చేసేది. మా దిక్కున పండగనాడు పనిముట్లకు పూజ తప్పదు కదా. రుబ్బురోలు నుంచి ఫ్రిజ్ దాకా అన్నీ కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయ కోసేది. గుండు మిషన్ కాళ్ల మీద చెంబుతో నీళ్లు పోసి, ఆ నీళ్లకు ఒక కొబ్బరికాయ నీళ్లు కలిపేది. ఏటేటా పెట్టిన బొట్లు పెట్టె నిండా మచ్చలు కట్టాయి.

ఏడేళ్ల కిందట కుడి రెక్క లేవడం మానేసింది. అన్న నాకు ఫోన్ చేశాడు.

"తమ్మీ, కాయిల్ కాలినట్టుందిరా. జర చుట్టిపెట్టరాదు."

అట్లాగే అన్నాను. అనడం దగ్గరే ఆగిపోయాను. ఎండాకాలం వస్తే మోటార్లు కాలి చివ్వెంల దాకా ఊళ్ల రైతులు నా షాపు ముందు కూర్చునేవాళ్లు. వానాకాలం నాట్లు. ఆ తరవాత యాసంగి. పనిలేని నెల అంటూ లేదని అందరికీ చెప్పుకునేవాణ్ణి. అన్నీ కుంటిసాకులే. తీగ తేవడానికి నెలకోసారి హైదరాబాద్ వెళ్తూ సూర్యాపేటలో దిగేవాణ్ణి, అన్న హోటల్లో దోసె తిని, చెయ్యి కడుక్కుని పోయేవాణ్ణి. బోరు మోటార్లు లేపేవాణ్ణి, ఆటబొమ్మలు బాగుచేస్తానా అని లోపల ఒక పొగరు కూడా ఉండేది. అన్న రెండుసార్లు గుర్తుచేశాడు, మూడోసారి అడగలేదు. మిషన్ కుడికాళ్ల కింద చెక్కముక్కలు పెట్టి కొంచెం ఎత్తాడు. గుండు ఎడమ రెక్క వైపు వాలుతుందని. గిరాకీలు ఒంటి రెక్కతో ఆడలేమని మానేశారు. మధ్యాహ్నం హోటల్ ఖాళీ అయ్యాక అన్న ఒక్కడే ఆడుకునేవాడు. అట్లా నాలుగేళ్లు ఆడాడు. మూడేళ్ల కిందట ఒక పొద్దున పొయ్యి ముందే కూలబడితే, దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది.

వదిన ఫోన్ చేసిన మర్నాడు వెళ్లాను. టిఫిన్ల రద్దీ తగ్గాక అద్దం తీసి, పలక పైకెత్తాను. లోపల బూజు, ధూళి, తెగిన రబ్బర్లు, ఎలుకలు కొరికిన కాగితాలు. కాళ్లకూ, పైసలు వేసే మూతకూ తుప్పు పట్టింది గానీ లోపల తడి తగిలిన జాడే లేదు. కుడి రెక్క కాయిల్‌కు మీటర్ పెట్టాను. కాయిల్ బాగుంది. చుట్టిన కాగితం రంగు కూడా మారలేదు. దాని ఒక కొస, రేకుకు అతికించిన చోట, సోల్డర్ ఊడి పక్కకు లేచి ఉంది. అంతే.

ఒక్క సోల్డర్ చుక్క. చుట్టాల్సింది ఏమీ లేదు. సోల్డర్ కరిగించే ఐరన్ నా బ్యాగులోనే ఉంది. ఏడేళ్లుగా హైదరాబాద్ పోయినప్పుడల్లా ఆ బ్యాగులోనే ఉంది. అది వేడెక్కేలోపు ఒక చాయ్ తాగొచ్చు, అతికించడానికి చాయ్ తాగినంతసేపు కూడా పట్టదు. ఇప్పుడు అతికిస్తే రెక్క లేస్తుంది. లేస్తే వదిన సంతోషపడుతుంది, ఆ తరవాత అడుగుతుంది, ఇంతేనా అని. పలక దించేశాను.

వదిన చాయ్ తెచ్చి నా మొహంలోకి చూసింది. తుప్పు పట్టిందనీ, నీళ్లు దిగాయనీ, ఇక లేవదనీ చెప్పాను.

"దసరాకు కడిగిన నీళ్లేనా?" అంది.

నేను కాదనాలి. "అయి ఉంటది వదినా" అన్నాను.

ఇన్నేళ్ల పనిలో రైతులతో ఎన్నో అబద్ధాలాడాను. రేపిస్తానన్న మోటారు ఎల్లుండి ఇచ్చాను. ఇది అట్లాంటిది కాదు. నోట్లోంచి వస్తున్నప్పుడే తెలిసింది. అయినా ఆపలేదు.

వదిన అక్కడే హైదరాబాద్ ఆయనకు ఫోన్ చేసి వచ్చి తీసుకుపొమ్మంది. నేను బండెక్కి కోదాడ చేరాను. ఆ వారమంతా దొంగకు తేలు కుట్టినట్టు తిరిగాను. మిషన్ అమ్మేస్తోందట అని నా భార్యకు చెబితే, పోనీలే, అక్కకు బరువు తగ్గుతుందంది. దసరా పొద్దున నా షాపులో వైండింగ్ మిషన్ కడిగి, బొట్టు పెట్టి, కొట్టిన కొబ్బరి ముక్క నోట్లో వేసుకోకుండా పక్కన పెట్టాను. పనివాళ్లు చూసి, ఉపవాసమా అని అడిగారు.

దసరా సాయంత్రం జమ్మి ఆకు తీసుకుపోయి పెద్దవాళ్ల చేతిలో పెట్టి కాళ్లు మొక్కడం మా ఇళ్లల్లో ఆనవాయితీ. ఆకును బంగారం అంటాం. అన్న ఉన్నప్పుడు అన్నకు, తరవాత వదినకు ఇస్తున్నాను. ఈసారి ఎగ్గొడదామని చూశాను గానీ, అక్క ఎదురుచూస్తుందని నా భార్య ఊరుకోలేదు.

పొద్దు గూకకముందే హోటల్‌కు చేరాను. గడపకు పసుపుంది, దేవుడి పటానికి పూలున్నాయి. లోపలికి వెళ్తే గ్రైండర్ వట్టిగా ఉంది. ఫ్రిజ్‌కు బొట్టు లేదు, మిక్సీకి లేదు, గ్యాస్ పొయ్యికి లేదు. పూజ కాలేదా వదినా అన్నాను.

"మిషన్లకు నా చెయ్యి పడది. ఉన్నయన్న సక్కగుండనీ" అంది.

మామూలుగానే అంది. బల్ల తుడుస్తూ, నా వైపు చూడకుండా ఇంకో మాట అంది.

"మీ అన్న ఉన్నప్పుడు గూడ నేనే కడిగేదాన్ని. కుడి రెక్క అప్పుడే నా నీళ్లకు పోయినట్టుంది. ఆయనకు తెలిసే ఉంటది. నాలుగేండ్లు ఒంటి రెక్కతోని ఆడిండు గని, నన్ను ఒక్క మాట అనకపాయె."

నేను ఇన్ని రోజులు నా తప్పు కప్పుకున్నాననే అనుకున్నాను. ఆమె దాన్ని తన తప్పుగా చేసుకుని, వెనక్కి తీసుకుపోయి, అన్న ఆడిన ఆ మధ్యాహ్నాల నిండా పరుచుకుంది. జమ్మి ఆకు నా చేతిలోనే ఉండిపోయింది.

ఎప్పుడూ వెంట ఉండే బ్యాగులోంచి ఐరన్ తీసి ప్లగ్గులో పెట్టాను. అది వేడెక్కుతుండగా చెప్పాను. నీళ్లు దిగలేదని, ఆమె చేతి తప్పు ఏమీ లేదని, తీగ ఒకటి ఊడిందని, అన్న అడిగిన నాడే వచ్చి ఉంటే ఆ పూటే అయిపోయేదని, అది బయటపడుతుందని భయపడి అబద్ధమాడానని. ఒక్కటీ దాచకుండా అన్నీ చెప్పాను. వదిన చేతిలోని గుడ్డ బల్ల మీదే ఆగింది.

నేను పలక ఎత్తి తీగ అతికించాను. అద్దం పెట్టకుండానే స్విచ్చు వేసి, ఆట మొదలుపెట్టి కుడి బటన్ నొక్కాను. రెక్క ఠక్కున లేచింది. ఇంకోసారి నొక్కాను. మళ్లీ లేచింది.

"ఎంతసేపు వట్టింది?" అని అడిగింది వదిన. ఎదురుగానే ఉంది, చూస్తూనే ఉంది. అయినా అడిగింది.

"పది నిమిషాలు."

"బయట మెకానిక్‌ను పిలుద్దామంటే మీ అన్న ఇననేలేదు. సొంత తమ్ముడు వైండింగోడు ఉండంగ పరాయోన్ని పిలిస్తే వాని ఇజ్జత్ ఏంగావాలె అన్నడు." ఆమె కుర్చీలో కూర్చుంది. "నేనే పాడుజేసిననుకున్నప్పుడు గూడ గింత బాధ కాలే."

తిట్టినా బాగుండేది. జమ్మి ఆకు ఇచ్చి కాళ్లు మొక్కాను. ఆకు తీసుకుంది. ప్రతిసారీ తల మీద చెయ్యి పెట్టేది, ఈసారి పెట్టలేదు. బాగైతే ఉంచుకుంటానన్నావు కదా, రబ్బర్లు కూడా వేసి, రంగు వేయించి ఇస్తాను, ఆదివారం ఆయన్ను రావద్దని చెబుదామన్నాను. తల అడ్డంగా ఊపింది.

"వద్దు. మీ అన్న ఒంటి రెక్కతోని ఆడిన మిషన్ అది. రెండు లేస్తుంటే నేను సూడలేను. ఇచ్చేద్దాం."

ఆదివారం హైదరాబాద్ ఆయన చిన్న ట్రాలీ ఆటో వేసుకుని ఇద్దరు మనుషులతో వచ్చాడు. నేను పొద్దున్నే వెళ్లి ఉన్నాను, రమ్మని ఎవరూ పిలవకపోయినా. ఆయన పెట్టె మీది పసుపు మచ్చలు చూసి ముచ్చటపడి, వీటిని తుడవనివ్వనన్నాడు. ఆడదని కదా చెప్పారు అంటూనే ఒక ఆట వేశాడు. గుండు పైకీ కిందికీ చాలాసేపు తిరిగింది. మంచి పనివాడు చేసినట్టున్నాడు, ఎవరండీ అని అడిగాడు. నేను ట్రాలీ తలుపు తీస్తున్నట్టు పక్కకు తిరిగాను.

పొయ్యి దగ్గర నుంచి వదిన జవాబు చెప్పింది.

"మా ఆయన తమ్ముడు. మా ఆయన చెప్పిండు, చేసిండు."

ఆయన నా వైపు చూసి, మంచి చెయ్యండీ మీది అన్నాడు. నేను కుడివైపు కాళ్లు పట్టుకున్నాను. ఆయన తెచ్చిన మనుషులిద్దరూ ఎడమవైపు పట్టారు. ముగ్గురం కలిసి మిషన్ను బయటికి మోశాం.