కుంకుమ మీద వేసిన నింద

ఆ మేనేజరును తలచుకుంటే ఇప్పటికీ నాకు పళ్లు పటపటలాడతాయి. పోనీలే అనుకునే గుణం నాకు లేదు, ఇక రాదు కూడా.

చిత్తూరు మామిడి గుజ్జును డబ్బాల్లో పెట్టి విదేశాలకు పంపే కంపెనీ అది. తిరుపతిలో ఉన్న దాని ఆఫీసులో ఫోన్లు కలిపే సీటు నాది. మా ఆయన పోయాక నన్నూ పిల్లలనూ నిలబెట్టింది ఆ సీటే. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మేనేజరు ఫోన్ల పాత బోర్డు పీకించి, అమెరికాలో వాడిన ఎక్స్ఛేంజి పెట్టె ఒకటి తెప్పించాడు. కొత్త డిజిటల్ లైను దానికి తగిలించారు. ఆయుధపూజ నాడే మొదలుపెట్టారు. లారీలకూ కాటాలకూ పెట్టినట్టే దానికీ బొట్టు పెట్టమని తోటివాళ్లు అంటే, నేనే పెట్టాను.

మర్నాటి నుంచి బయటి ఫోన్లలో గొంతులు చీలిపోయాయి. మెల్లగా మాట్లాడితే బుస, గట్టిగా మాట్లాడితే చినిగిన స్పీకరులా గరగర. మేనేజరు మూత తీసి చూస్తే సందులో ఎర్రటి పొడి కనబడిందట. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ఆఫీసు మొత్తాన్నీ పిలిచి నన్ను మధ్యలో నిలబెట్టాడు.

"మొగుడు పోయిన ఆడది బొట్టు పెడితే ఇంతే. ఈయమ్మ చెయ్యి పడితే ఏదీ బాగుపడదు."

ఆ పూటే నన్ను వెనక గోడౌనులో డబ్బాలకు కాగితాలు అంటించే పనికి తోశాడు. ఇంటికి పోయి అన్నం ముట్టలేదు. వీడి సంగతి చూడందే వదలకూడదనుకున్నాను.

గోడౌనులో ఆఫీసుతో మాట్లాడే లోపలి ఫోను ఉంది. అందులో గొంతు ఖంగున పలికింది. అదే పెట్టె, అదే కుంకుమ. లోపలి మాటకు లేని రోగం బయటి మాటకే ఎందుకొచ్చింది? టెలిఫోను ఇంజనీరును పట్టుకుని అడిగాను. మాట తీగలో అంకెలుగా మారి పోతుందట. మార్చడానికి అమెరికా వాళ్ల పద్ధతి ఒకటి, మన దేశపు పద్ధతి ఇంకొకటి. మా పెట్టె ఇంకా అమెరికా పద్ధతిలోనే ఉండిపోయింది. లోపలి మాట పెట్టె దాటి పోదు కాబట్టి దానికి రోగం లేదు. బయటి లైను మన పద్ధతిది కాబట్టి ఇటు మాట అటు, అటు మాట ఇటు పాడైపోతున్నాయి. పెట్టెలో ఆ పద్ధతి మారిస్తే చాలన్నాడు.

వెంటనే పోయి చెప్పొచ్చు. చెప్పలేదు. చెబితే వాడు గుట్టుగా సరిచేసుకుని తన గొప్పగా చాటుకుంటాడు. ఓనరు వచ్చేదాకా కాచుకున్నాను.

వచ్చిన రోజు ఓనరు ఎదుట కూర్చుని మేనేజరు ఫోనులో విదేశీ బేరగాడితో అరుస్తున్నాడు. అరిచే కొద్దీ గరగర. ఇంజనీరును వెంటబెట్టుకుని లోపలికి పోయాను. నా కుంకుమ వల్లే పెట్టె చెడిందని నన్ను గోడౌనుకు తోసిన సంగతి చెప్పి, ఆ ఫోనులోనే గోడౌనుకు మాట్లాడి చూడమని ఓనరును అడిగాను. మాట్లాడాడు, స్పష్టంగా వినబడింది. ఇంజనీరు పద్ధతి మార్చాడు. మళ్లీ ఫోను కలిపితే బేరగాడి గొంతు కూడా బాగైంది.

పోయి నీ సీట్లో కూర్చోమన్నాడు ఓనరు. నేను కదల్లేదు.

"కూర్చుంటా సార్. ఆ పొద్దు అందర్నీ పిలిచి చెప్పినాడు. ఈ పొద్దు కూడా అందర్నీ పిలిచి, నా చెయ్యి మంచిదేనని చెప్పమనండి."

అందరూ వచ్చారు. వాడు నేల చూస్తూ గొణిగాడు.

"ఎనకుండే వాళ్లకు వినపళ్లేదు సార్. గట్టిగా చెప్పండి," అన్నాను.

మళ్లీ చెప్పాడు, గట్టిగా. మొహంలో నెత్తురు చుక్క లేదు. నాకు జాలి కలగలేదు. మూడోసారి చెప్పించనందుకే ఇప్పటికీ బాధ.