నిండుకున్నాయి అనాలి

మా పక్కింటి అత్తయ్య పోయింది. ఈ ముక్క ఇలా రాశానని తెలిస్తే ఊరుకునేది కాదు. "పోయింది ఏంటే, నోటికి అడ్డూ అదుపూ లేదా?" అని గయ్యిమనేది. పోనీ ఏమని రాయమంటావు అత్తయ్యా అని అడుగుదామంటే మనిషి లేదు. బందరు ఆసుపత్రి నుంచి వాళ్ళ తమ్ముడు ఫోన్ చేసి "అక్క ఇక లేదమ్మా" అన్నాడు. నేనప్పుడు స్కూల్లో లెక్కలు చెబుతున్నాను. బోర్డు మీది లెక్క సగంలో వదిలేసి బయటికి వచ్చేశాను.

ఆవిడ నాకు చుట్టం కాదు. పెడనలో మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ, అంతే. ఆవిడకి భర్తా లేడు, పిల్లలూ లేరు. నాదీ ఒంటరి కాపురమే. అత్తయ్య పగలంతా కలంకారీ షెడ్డులో అద్దకం పని చేసి, సాయంత్రం ఇంటికొచ్చి టీ కాచి, గరిటెతో గోడ మీద టకటకా కొట్టేది. అది నాకు పిలుపు. ఎంత రుద్ది కడిగినా ఆవిడ గోళ్ళ చుట్టూ ఎర్ర రంగు వదిలేది కాదు. ఆ వేళ్ళతోనే గ్లాసు అందించేది. చక్కెర ఎప్పుడూ ఎక్కువే.

మాటల విషయంలో మాత్రం మహా పట్టుదల. దీపం ఆరిపోయింది అనకూడదు, కొండెక్కింది అనాలి. వెళ్తున్నాను అనకూడదు, వెళ్ళొస్తాను అనాలి. డబ్బాలో బియ్యం లేవు అనకూడదు, నిండుకున్నాయి అనాలి. ఇవి అందరికీ తెలిసినవే. కానీ అద్దిన గుడ్డల్ని కాలవలో ఉతకడానికి మూట కట్టి పంపేటప్పుడు ఆ మూటకి కూడా "వెళ్ళి రండి" అని చెప్పే మనిషిని నేనింకెక్కడా చూడలేదు. నేనసలే లెక్కల టీచర్ని. డబ్బా ఖాళీ అయితే ఖాళీ అనాలిగానీ నిండింది అంటావేంటి అత్తయ్యా అని వాదించేదాన్ని. "నీ సున్నాలు నీ బడిలో పెట్టుకోవే తల్లీ, నా వంటింట్లోకి తేకు" అనేది.

జబ్బు మొదలైనప్పుడు మోచేతుల మీద నీలం మచ్చలు కనిపించాయి. నీలిమందు అంటుకుందనుకుని పీచుతో తెగ రుద్దింది. మచ్చలు పోకపోగా పెరిగాయి. రక్త పరీక్ష చేయిస్తే బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. ఆ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తడానికి వీల్లేదంది. మొదటి మందులకి తగ్గింది. జుట్టు ఊడి మళ్ళీ వచ్చింది. షెడ్డుకి కూడా వెళ్ళింది. తర్వాత మళ్ళీ తిరగబెట్టింది. రెండోసారి మార్చిన మందులు పనిచెయ్యలేదు. ఎముక మూలుగ మార్పిడి చేద్దామంటే తమ్ముడిది సరిపోలేదు.

ఆ రోజుల్లోనే ఒక తమాషా జరిగింది. ఆసుపత్రిలో ఒక మలయాళీ నర్సమ్మ, పాపం తెలుగు అప్పుడప్పుడే నేర్చుకుంటోంది, "ఇంట్లో మాత్రలు ఉన్నాయా అమ్మా?" అని అడిగింది. ఈవిడ యథాప్రకారం "నిండుకున్నాయమ్మా" అంది. ఆ పిల్ల నిండుగా ఉన్నాయనుకుని మాత్రలు రాయించకుండానే పంపేసింది. బస్టాండులో సంగతి తెలిసి నేను తలకొట్టుకుని మళ్ళీ వెనక్కి పరిగెత్తాను. "లేవు అని ఏడిస్తే నీ సొమ్మేం పోయింది?" అని అరిచాను. అత్తయ్య మాస్కులోంచి పకపకా నవ్వింది. ఆవిడ అలా నవ్వడం నేను విన్నది అదే ఆఖరు.

చివరికి హైదరాబాదులో ఒక పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన నిదానంగా చెప్పాడు. "మామూలు మందులు ఇక పనిచెయ్యట్లేదమ్మా. ఒక దారుంది. మీ రక్తంలోంచే కొన్ని కణాలు తీసి ల్యాబుకి పంపుతాం. జబ్బుని గుర్తుపట్టి చంపేలా వాటిని మార్చి, పెంచి, తిరిగి మీకే ఎక్కిస్తాం."

"మా అద్దకం లాగే. అచ్చు కొట్టి పంపిస్తారన్నమాట" అంది అత్తయ్య.

ఆయన నవ్వి, వెంటనే నవ్వు ఆపేశాడు. కొందరికి బాగా తగ్గుతుందన్నాడు. కొందరికి తగ్గినా మళ్ళీ వస్తుందట. ఎక్కించాక తీవ్రమైన జ్వరం రావచ్చు, మాట తడబడవచ్చు, ఐసీయూలో పెట్టాల్సి రావచ్చు. కణాలు తయారై వచ్చేదాకా జబ్బు ఆగాలి కూడా. ఆలోచించుకుని చెప్పమన్నాడు.

తిరుగు రైల్లో తమ్ముడు ఒకటే మాట. "ఇంక సూదులొద్దక్కా. నాగాయలంక వచ్చెయ్, మా ఇంట్లో ప్రశాంతంగా ఉందువుగాని." ఆయన బాధ ఆయనది. తెల్లారి గుడివాడలో బండి ఆగింది. ఆయన టీ కోసం దిగగానే అత్తయ్య నా వైపు తిరిగింది.

"అమ్మాయ్, నువ్వు ఉన్నదున్నట్టు అనే మనిషివి. ఇదేమీ చేయించుకోకపోతే నేనేమవుతాను? తిన్నగా చెప్పు."

"చచ్చిపోతావు అత్తయ్యా" అన్నాను.

ఆ మాట ఆవిడ ముందు అన్నది జన్మలో అదే మొదలు. కొడుతుందేమో అనుకున్నాను. కిటికీలోంచి ప్లాట్‌ఫారం వైపు చూస్తూ "చేయించుకుంటే?" అంది.

"ఏమో. బతకొచ్చు, బతక్కపోవచ్చు. తెలీదు."

"తెలీదు అన్నావు చూడు, ఆ మాట బావుంది" అంది. తమ్ముడు టీ తెచ్చాక, "చేయించుకుంటాన్రా" అని చెప్పేసింది. డబ్బు ఎలా సర్దామన్నది ఇక్కడొద్దు.

కణాలు తీసిన రోజు పొద్దుటి నుంచి మిషను పక్కన పడుకోబెట్టారు. రక్తం ఒక గొట్టంలోంచి వెళ్ళి ఇంకో గొట్టంలోంచి తిరిగొచ్చింది. కావలసినవి మాత్రం చిన్న సంచిలో చేరాయి. దాన్ని పెట్టెలో పెడుతుంటే అత్తయ్య తలెత్తి, "వెళ్ళి రండమ్మా" అంది. టెక్నీషియన్ నాతో చెప్పిందనుకుని, మేడం ఇక్కడే ఉంటారు లెండి అన్నాడు.

ఆ తర్వాత ఎదురుచూపులు. జబ్బుని ఆపి ఉంచడానికి ఏవో మందులిచ్చి ఇంటికి పంపారు. ఏ అంటు తగిలినా తట్టుకోలేదట, ఎవరూ దగ్గరికి రాకూడదు. ఊరంతా జనం ఉన్నా ఆ గదిలో ఆవిడొక్కతే. బడిపిల్లల మధ్య తిరిగేదాన్ని, నేనూ గుమ్మం దాటకూడదు. సాయంత్రం గోడ మీద గరిటె చప్పుడు వినిపించేది. టీ లేదు, ఏమీ లేదు, ఊరికే. నేనూ తిరిగి కొట్టేదాన్ని. ఆ చప్పుడు రానురాను మెల్లగా అయింది. ఒక రోజు జ్వరం పట్టుకుంది. తమ్ముడు వచ్చి ఆటోలో బందరు తీసుకెళ్ళాడు. "వెళ్ళొస్తానే" అంది.

కర్మకాండలన్నీ అయి, వచ్చినవాళ్ళు ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఇవాళ పొద్దున నాకు ఫోన్ వచ్చింది. హైదరాబాదు ఆసుపత్రిలో నా నంబరే ఇచ్చి ఉన్నాం. ఎవరో అమ్మాయి, హుషారైన గొంతు. "మీ పేషెంటు కణాలు వచ్చేశాయండీ! అడ్మిషన్ ఎప్పుడు పెట్టమంటారు? ఆవిడ ఎలా ఉన్నారు?"

ఏడుపు రాలేదు, ఒళ్ళుమండింది. ఎవరి మీదో నాకే తెలీదు. ఉన్న మాట అనేద్దామని నోరు తెరిచాను. గుడివాడలో అంత తేలిగ్గా వచ్చిన మాట రాలేదు.

"నిండుకున్నారండీ" అన్నాను.

"ఓ, బాగున్నారా? అయితే వెంటనే తీసుకొచ్చేయండి" అంది ఆ అమ్మాయి సంతోషంగా.

అప్పుడిక విడమరిచి చెప్పక తప్పలేదు. "వాటినిప్పుడు ఏం చేస్తారు?" అని అడిగాను. "కనుక్కుని చెబుతానండీ. ప్రస్తుతానికి ఫ్రీజర్లో ఉన్నాయి" అంది.

వెళ్ళి రమ్మని చెప్పి పంపింది. అవి వచ్చాయి. ఒంటి మీద కొత్త అచ్చుతో, ఎక్కడో ఆ చలిలో ఆవిడ కోసం కాచుకుని ఉన్నాయి. సాయంత్రం టీ కాచాను. చక్కెర ఎక్కువే వేశాను. గరిటె పుచ్చుకుని గోడ మీద టకటకా కొట్టి, టీ మీద మీగడ కట్టేదాకా అక్కడే నిలబడ్డాను.