మంచులో దాసుని చెరిపేసిన రాత్రి

మనల్ని పేరుపెట్టి పిలిచే దేవునికి స్తోత్రం. ఆయన సన్నిధిలో అబద్ధమాడే ధైర్యం నాకు లేదు. ఇది జరిగింది... ఆస్టినాబాద్‌లో, మా ఇంట్లోనే.

మా తమ్ముడు ప్రసాదు పటాలం నుంచి వచ్చేసి బొమ్మలేస్తున్నాడు. ఈ దీవుల్లో మంచు ఎవరు చూశారు? వాడు చూశాడు. సరిహద్దు కొండల్లో వాడి తోటి సిపాయి దాసు మంచులో కూరుకుపోయాడు. శవం కూడా దొరకలేదు. వాడేసిన బొమ్మలో తెల్లటి లోయ, రెండు దేవదారు చెట్లు, దూరంగా వేలెడంత దాసు.

వండూర్‌లో బీచి దగ్గర దిగిన డబ్బున్న టూరిస్టులు బొమ్మలు సేకరిస్తారట. వాళ్లకు చూపిస్తానని ఒక ఏజెంటు వచ్చాడు. అమ్ముడుపోవాలని గృహకూడికలో ప్రార్థన అంశం ఇచ్చింది నేనే. అందరూ ఆమెన్ అన్నారు.

మర్నాడు ఏజెంటు అన్నాడు, "దీదీ, వాళ్లకి శాంతి కావాలి. ఖాళీ మంచు. ఆ ఆద్మీని తీసెయ్యమనండి."

"ఆద్మీ కాదు భయ్యా, దాసు."

"పేరు ఎవరడిగారు దీదీ?" నవ్వాడు. నా ఒళ్లు మండింది.

తమ్ముడు నన్నే చూశాడు. "ప్రార్థన చేయించావుగా అక్కా," అని దాసు మీద తెల్లరంగు పూసేశాడు.

బూజు పట్టకుండా మా బట్టల అలమారాలో ఎప్పుడూ ఒక బల్బు వెలుగుతుంటుంది. రంగు ఆరుతుందని బొమ్మను అందులోనే పెట్టాం. ఆ రాత్రి వాన. కరెంటు పోయింది...

కర్ర్...

ఏమీ లేదు...

కర్ర్... కల్లుప్పు మీద ఎవరో నడుస్తున్నట్టు. అలమారా లోపల.

"ఎలకేమోరా," అన్నాను.

"కాదక్కా. మంచు మీద బూటు... అలాగే ఉంటుంది." వాడి పళ్లు టకటకలాడుతున్నాయి.

భయంకంటే కోపమే నన్ను లేపింది. యేసు నామంలో అంటూ తలుపు లాగాను. చల్లగాలి మొహాన కొట్టింది. టార్చి వేశాను. పూసిన తెలుపు అలాగే ఉంది. దాసు లేడు. కానీ అక్కడినుంచి... అడుగులు. చెట్లు దాటి... ముందుకి వచ్చేకొద్దీ పెద్దవవుతూ... బొమ్మ అంచు దాకా వచ్చి ఆగాయి. వేలు పెట్టి చూశాను. తడి. రంగు కాదు... నీళ్లు.

"నువ్వేశావా?"

"బైబిలు మీద చెయ్యేసి చెప్తా. లేదక్కా."

పొద్దున ఏజెంటు చూసి, "వాహ్! అడుగులు బాగున్నాయి, ఉండనివ్వండి," అన్నాడు. మనిషి వద్దట, అడుగులు కావాలట! తల వెంట్రుకలు సైతం లెక్కపెట్టిన దేవుని ఎదుట ఆ మాట! గేటు దాకా తరిమాను.

చెమ్మకి రంగు జారిందేమో. మరి ఆ చప్పుడు? నాకు తెలియదు. బొమ్మ ఇంకా అలమారాలోనే ఉంది. తమ్ముడు దాన్ని ఎవరికీ ఇవ్వనన్నాడు.

చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించకూడదని నాకు తెలుసు. నా కోసం చెయ్యండి. ప్రభువా, ఆ రోజు నేనడిగింది ఇవ్వకు... అని ఒక్కసారి నాతో కలిసి అడగండి. ఆమెన్ మాత్రం, దేనికి అంటున్నారో తెలిసి అనండి.