అప్పాయమ్మ నీళ్ళు పెట్టిన స్లాబు

ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. కట్టించేవాడికీ కట్టేవాడికీ మధ్య నిలబడి చూడు అని అననందుకు అప్పాయమ్మకి వాళ్ళ మీద కాస్త కోపమే. మండపేట చుట్టుపక్కల ఊళ్ళలో లేచిన కొత్త డాబాలకి నీళ్ళు పెడుతూనే ఆవిడ జీవితం సగం గడిచిపోయింది. ఇటుక తడపడం, గోడలు తడపడం, స్లాబు పోశాక దాని మీద మట్టితో చిన్న చిన్న మడులు కట్టి మూడు వారాలు నీళ్ళు నిలబెట్టడం ఆవిడ పని. అంతకుముందు వరి ఊడ్పుల కూలీ. మొగుడు పోయి, కూతురు రాణితో ఒంటరిగా మిగిలిన రోజుల్లో తాపీమేస్త్రి బుల్లిరాజు పిలిచి, ఊడ్పులు ఏడాదికి ఎన్నాళ్ళుంటాయక్కా, నీళ్ళ పనికి వచ్చెయ్యి అన్నాడు. వరుసకి ఏమీ కాడు. ఆ రోజు నుంచీ మాత్రం అక్కా తమ్ముడే.

పోట్లాట లేకుండా పూర్తయిన ఇల్లు అప్పాయమ్మ చూడలేదు. శంకుస్థాపన నాడు మీ మాటే నా మాట అనుకున్న ఇంటాయనా కాంట్రాక్టరూ కిటికీలు పెట్టే వేళకి నువ్వెంతంటే నువ్వెంత అనుకునేవారు. గుమ్మం రెండంగుళాలు పక్కకి జరిగిందని ఒకాయన ఇసక గుట్ట మీద కూలబడి ఏడ్చాడు. మెట్లు ఆ మూల కాదు ఈ మూల అని మూడుసార్లు మార్పించారని ఒక కాంట్రాక్టరు తను కట్టిన గోడని తనే సమ్మెటతో పడగొట్టాడు. అప్పాయమ్మ చంకలో బిందెతో నిలబడి అన్నీ చూసేది. సాయంత్రం ఇంటి అరుగు మీద కూర్చుని ఇద్దరి గొంతులూ దింపేసేది. పేటంతా పొట్ట పట్టుకుని నవ్వేది. ఎవడు అబద్ధమాడుతున్నాడో నీళ్ళు పెట్టేదానికి తెలుస్తుందర్రా, మనల్నెవడు అడుగుతాడు అనేది ఆఖర్న. అడిగే రోజు ఒకటి వస్తుందని అనుకోలేదు పాపం.

ఆ రోజు దొరబాబు గారి ఇంట్లో వచ్చింది. అది తొంభై ఏడో సంవత్సరం. దొరబాబు గారు అయిదెకరాల రైతు. మాట కరుకు, మనిషి మంచివాడే. బుల్లిరాజు అప్పటికి తాపీపని నుంచి కాంట్రాక్టరుగా ఎదిగాడు. మా వైపు గృహప్రవేశం నాడు ఇల్లు కట్టిన మేస్త్రిని పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, పంచెల చాపు చేతిలో పెడతారు. బుల్లిరాజు అలా పుచ్చుకున్న చాపులు ఒక్కటీ కట్టలేదు. ట్రంకుపెట్టెలో దాచుకుని, ఏది ఏ ఇంటిదో పేరు పెట్టి చెప్పేవాడు. చదువుకున్నోళ్ళకి సర్టిఫికెట్లు, నాకివి అనేవాడు.

మూఢం వచ్చేస్తోందని దొరబాబు గారు స్లాబుకి తొందరపెట్టారు. ఎండలు మండుతున్నాయి, కాలవలకి నీళ్ళు కట్టేశారు, జూన్లో కాలవ వదిలాక పోద్దామండి అని బుల్లిరాజు బతిమాలాడు. ఆయన వినలేదు. సరే, స్లాబు పోశారు. కూలీలందరికీ వేటమాంసంతో భోజనాలు పెట్టారు. మర్నాడు సామర్లకోటలో ఇంకో పనికి వెళుతూ బుల్లిరాజు అప్పాయమ్మని స్లాబు మీదికి తీసుకెళ్ళాడు.

"నా పనికి వంక లేదక్కా. ఇంక నీ చేతిలో ఉంది. ఈ వారం మడుల్లో నీళ్ళు ఆరకూడదు, ఆరితే స్లాబు బీటలిస్తుంది."

నువ్వు నాకు చెప్పాలా అని నవ్వింది అప్పాయమ్మ.

మూడు రోజులు బాగానే గడిచాయి. నాలుగో రోజు పేట వాళ్ళంతా వ్యాను మాట్లాడుకుని అన్నవరం బయల్దేరారు. రెండు కడుపులు పోయాక రాణికి బిడ్డ నిలిచింది. కొండ మీద వ్రతం చేయిస్తానని అప్పాయమ్మ ఎప్పుడో మొక్కుకుంది. ఊడ్చిన చేనుకి నీళ్ళు పెడితే మూడు రోజులు ఆగుతాయి కదా, మడి మడే, చేనైతే ఏంటి స్లాబైతే ఏంటి అనుకుంది. తెల్లవారకుండానే గట్లు సరిచేసి, చేతిపంపు నీళ్ళు మోసి, మడులన్నీ అంచుల దాకా నింపి వ్యానెక్కింది. చేను కింద బురద ఉంటుందనీ స్లాబు కింద ఉత్త గాలేననీ ఎవరూ చెప్పలేదు. చెప్పాలా! అన్నేళ్ళు స్లాబుల మీద తిరిగిన మనిషికి ఆ మాత్రం తోచొద్దూ?

కొండ మీద ఇసకేస్తే రాలని జనం. వ్రతం మర్నాటికి గాని కుదరలేదు. రెండో రోజు పొద్దు వాలే వేళకి వ్యాను దిగి ప్రసాదం చేత్తోనే నిచ్చెనెక్కింది. గట్లు నెర్రెలిచ్చి ఉన్నాయి. స్లాబు తెల్లగా ఎండిపోయి, కాలు పెడితే చుర్రుమంది. దాళ్వా వరి కోతలని దొరబాబు గారు కళ్ళంలోనే ఉంటున్నారు. ఆయన భార్య వీరవేణి గారు మోకాళ్ళ నొప్పులతో నిచ్చెనెక్కరు. చూసినవాళ్ళు లేరు. అప్పాయమ్మ ఒగురుస్తూ మళ్ళీ మడులు నింపింది. ఆ తర్వాత పదహారు రోజులు ఒక్క పూట ఆరనివ్వలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. బుల్లిరాజుకి చెప్పనా అని కూతుర్ని అడిగింది. ఎవరూ చూడలేదుగా, ఊరుకో అమ్మా అంది రాణి. ఊరుకుంది.

ఆగస్టు ముసురుకి స్లాబు కారింది. హాల్లో పేర్చిన ధాన్యం బస్తాలు తడిసి ముద్దయ్యాయి. దొరబాబు గారు బుల్లిరాజుకి కబురు పెట్టారు. అతను వచ్చేసరికి వీధిలో సగం మంది అక్కడే ఉన్నారు. సిమెంటు మింగేశావన్నారు దొరబాబు గారు. సిమెంటు బస్తాలు మీ కొట్టులోంచే కదండీ వచ్చాయి, కాంక్రీటు కలిపే మిషను పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నది మీరే కదండీ అన్నాడు బుల్లిరాజు. మాటా మాటా పెరిగింది. నా ఇంట్లో తిని నా నెత్తి మీదే చిల్లు పెట్టావన్నారు ఆయన. బుల్లిరాజు చేతిలో తాపీ నేలకేసి కొట్టాడు. ఎన్నో పోట్లాటలు చూసిన అప్పాయమ్మ ఈ పోట్లాటలో గోడ వారకి జరిగింది. అప్పుడు వీరవేణి గారు మెల్లగా, నీళ్ళు సరిగ్గా పెట్టారో లేదో అదీ అడగండి అన్నారు. అందరూ అప్పాయమ్మ వైపు తిరిగారు.

ఆవిడ నోరు తెరిచేలోగానే బుల్లిరాజు అడ్డొచ్చాడు.

"ఆ మాట మాత్రం అనకండమ్మగారూ. అప్పాయమ్మక్క పెట్టిందంటే పెట్టినట్టే. కావాలంటే నన్ను దొంగనండి, పడతాను."

"అప్పాయమ్మా, నువ్వే చెప్పు. ఎప్పుడైనా ఆరిందా?" అన్నారు దొరబాబు గారు.

"లేదండి."

అంతే. విన్నావా, ఇంక మిగిలింది నీ సిమెంటే అన్నారాయన. బుల్లిరాజు తన మనిషిని కాపాడబోయి తన దారి తనే మూసుకున్నాడు. ఏం మనిషివమ్మా అని మనం ఇప్పుడు అడగడం తేలిక. పని పోతుందని భయం, నలుగురిలో సిగ్గు. అన్నిటికన్నా, తమ్ముడు అంత మాట అన్నాక కాదనలేకపోయింది. ఇవన్నీ నిజమే. అయినా తప్పు తప్పే.

బుల్లిరాజు తన ఖర్చుతో స్లాబు మీద మళ్ళీ పూత వేయించాడు, కారడం ఆగింది. గృహప్రవేశం నాడు అతన్ని భోజనానికి పిలిచారు గాని పీట వేయలేదు. పీట మీద అప్పాయమ్మని కూర్చోబెట్టి నేతచీర పెట్టారు. ఈ ఇంటికి న్యాయం చేసింది ఇదొక్కతే అన్నారు దొరబాబు గారు. లేవబోయింది. పందిట్లో ఓ పక్కన నిలబడ్డ బుల్లిరాజు నవ్వి, పుచ్చుకో అక్కా అన్నాడు. రెండు చేతులా పుచ్చుకుంది.

ఊరి నోరు మూయించడం ఎవరి తరం? సిమెంటు తినే బుల్లిరాజు అన్న మాట నాలుగూళ్ళు తిరిగింది. రెండేళ్ళకి కాంట్రాక్టులు పోయి, సామర్లకోటలో ఒకరి కింద రోజుకూలీకి తాపీ పట్టుకున్నాడు. అప్పాయమ్మ అరుగు మీద గొంతులు దింపడం మానేసింది. ఆ చీర మడత విప్పలేదు. నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లో దొరబాబు గారి గేటు దాకా వెళ్ళింది. ఆయన ధాన్యం కాటా వేయిస్తున్నారని ఒకసారి, చుట్టాలున్నారని ఒకసారి వెనక్కి వచ్చేసింది. రెండు వేల ఏడులో ఆయన పోయారు. చెప్పడానికి గేటుంది గాని మనిషి లేడు.

మరుసటేడు అప్పాయమ్మకి గవర్నమెంటు ఇల్లు మంజూరైంది. కబురు పెడితే బుల్లిరాజు వచ్చాడు. తల నెరిసింది, పని మాత్రం అదే పని. ఒక్క గది స్లాబు పోసి, చేతులు కడుక్కుంటూ, "నీ స్లాబుకి నాకు దిగుల్లేదక్కా, నీళ్ళు పెట్టేది నువ్వేగా" అన్నాడు.

ఆవిడ ఇరవై ఒక్క రోజులూ ఆ స్లాబు పక్కనుంచి కదల్లేదు. గృహప్రవేశం నాడు బుల్లిరాజుని పీట మీద కూర్చోబెట్టి బొట్టు పెట్టింది. పంచెల చాపు చేతుల్లో పట్టుకుని ఆగిపోయింది.

"తమ్ముడూ, దొరబాబు గారి స్లాబు ఆరింది. రెండు రోజులు ఆరింది. నేను అన్నవరం వెళ్ళాను."

బుల్లిరాజు తలెత్తి కొత్త స్లాబు వైపు చూశాడు. అరుస్తాడనుకుంది. అరిస్తే బాగుండునని మొక్కుకుంది. జన్మంతా అరుపులు విన్న మనిషికి ఆ ఒక్క అరుపు దక్కలేదు.

"ఈ బట్టలు నాకు ఆ ఇంట్లో పెట్టించాల్సింది" అన్నాడు నెమ్మదిగా.

పీట మీద కూర్చున్నాక కాదంటే ఆ ఇంటికి మంచిది కాదు. అందుకని చాపు పుచ్చుకుని చంకలో పెట్టుకుని లేచాడు. భోజనం చెయ్యమని రాణి బతిమాలింది. ఆకలి లేదన్నాడు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుని వెనక్కి తిరిగాడు.

"వెళ్ళొస్తానండి, అప్పాయమ్మ గారూ. ఇల్లు చల్లగా ఉండాలి."

అన్నేళ్ళలో అతను ఆవిడని అక్కా అనకుండా పిలవడం అదే మొదలు.