ఫ్యాను మోతలో అక్క గొంతు

నిన్న అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల పక్కన వీడియో గేమ్ మైకు ఒకటి కనిపించింది. మీకూ గుర్తుందా ఆ పాటల గేమ్? టీవీ మీద గీతలు పరిగెత్తేవి, హెచ్చు స్వరానికి పైన, తగ్గు స్వరానికి కింద. మన గొంతు సరిగ్గా ఆ స్వరం పట్టుకుంటేనే గీత నిండేది.

నాంపల్లి కిరాయి ఇంట్లో నాకు కింది గీతలు ఎప్పుడూ ఖాళీగానే పోయేవి. గడ్డం ఛాతీకి ఆనించి, గొంతు నొక్కి పాడేదాన్ని. అక్క నా అరచెయ్యి తన ఛాతీ మీద పెట్టుకునేది.

"గట్ల నొక్కకే. జర ఊపిరి వదులు. గా ఫ్యాను మోత ఇంటున్నవా? నోరు మూసుకొని దాంతోని కలుపు. గీడ వణకాలె."

తను అలా కలిపితే ఫ్యాను ఏదో, అక్క ఏదో చెవికి తెలిసేది కాదు. నా అరచేతికి తెలిసేది.

ఆ ఏడే జ్వరంతో దవాఖానకు పోయిన అక్క తిరిగి రాలేదు. ఇల్లు ఖాళీ చేసినప్పుడు నాన్న ఆ ఫ్యానును విప్పి తెచ్చాడు. ఇప్పటి ఫ్యాన్లకు గొంతే లేదు. అది మాత్రం హిమాయత్‌నగర్‌లో మా హాల్లో ఇంకా మోగుతోంది.

అటక మీది గేమ్ దింపి నిన్న అబిడ్స్‌లో కొన్న ఆ మైకు తగిలించాను. మా పాప అచ్చం నాలాగే గడ్డం ఆనించి పాడింది. అక్క మాటలే చెప్పాను. అయినా ఆ కింది స్వరం రాలేదు. విసుగొచ్చి మైకు సోఫా మీద పడేసి మంచినీళ్లకు వెళ్లింది.

పాట నడుస్తూనే ఉంది. ఎవరూ పాడట్లేదు. కింది గీత వచ్చింది. మెల్లగా, చివరిదాకా నిండింది.

"మమ్మీ, ఎవరు పాడుతున్నరు?" గుమ్మంలోంచి అడిగింది పాప.

ఫ్యాను అని చెప్పబోయాను.

"మీ పెద్దమ్మ" అన్నాను.